చప్పుడు చేయని వాల్వుతోనే అసలు ప్రమాదం
ఇంజన్‌లో ట్యాపెట్ గ్యాప్ ఎందుకు ఉండాలి?

పొద్దున్నే జంషెడ్‌పూర్‌లోని సాక్చి గోల్‌చక్కర్ దగ్గర నిలబడితే నాలుగైదు రకాల ఇంజన్ల చప్పుళ్లు ఒకేసారి చెవిన పడతాయి. మార్కెట్‌కు కూరగాయలు తెచ్చే చిన్న వ్యాన్లు, సువర్ణరేఖ మీది వంతెన దాటి మాన్‌గో వైపు పరుగెత్తే ఆటోలు, పాత బుల్లెట్లు, సరుకు దించి వెనుదిరిగే లారీలు. కాస్త శ్రద్ధగా వింటే వీటిలో ఏదో ఒక బండి నుంచి 'టిక్ టిక్ టిక్' అని సన్నగా, లయ తప్పకుండా ఒక చప్పుడు వస్తూ ఉంటుంది. అనుభవమున్న మెకానిక్ దాన్ని వినగానే "ట్యాపెట్ కొడుతోంది" అంటాడు.

"ఆ సౌండ్ తీసెయ్, చాలు" అంటాడు బండి యజమాని. మెకానిక్ వాల్వు కవర్ తీసి, స్క్రూ కాస్త బిగిస్తాడు. చప్పుడు పోతుంది. ఇంజన్ మెత్తగా తిరుగుతుంది. డబ్బులిచ్చినవాడికీ, తీసుకున్నవాడికీ సంతోషమే. కొన్ని నెలలు గడిచాక అదే బండి చలికాలం పొద్దున స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. ఎత్తు ఎక్కలేదు. డీజిల్ ఎక్కువ తాగుతుంది. హెడ్ విప్పి చూస్తే ఎగ్జాస్ట్ వాల్వు అంచు ఒకచోట కొరికేసినట్టు కాలిపోయి ఉంటుంది.

చప్పుడు ఆపడానికి చేసిన పనే వాల్వును కాల్చేసింది. ఇది ఎలా జరిగిందో తెలియాలంటే ఇంజన్ లోపల కావాలని వదిలిన ఒక చిన్న సందు గురించి తెలుసుకోవాలి. దాని పేరు వాల్వు క్లియరెన్స్. గ్యారేజీ భాషలో ట్యాపెట్ గ్యాప్.

ఉక్కు ఊరు, ఇంజన్ల ఊరు

ఈ విషయం చెప్పుకోవడానికి సాక్చి తగిన చోటు. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే ప్రాంతంలో ఒకప్పుడు సాక్చి అనే పల్లె ఉండేది. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు సంస్థ తన కర్మాగారానికి ఈ ప్రాంతాన్నే ఎంచుకుంది. 1912 ఫిబ్రవరిలో ఇక్కడ మొదటి ఉక్కు దిమ్మె తయారైంది. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. సాక్చి పేరు మాత్రం నగరం నడిబొడ్డున ఒక పేటకు, ఒక పెద్ద బజారుకు మిగిలింది. ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగాలకు వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఈ నగరంలో ఉన్నాయి.

ఉక్కు తర్వాత ఇంజన్లు వచ్చాయి. 1945లో టెల్కో ఏర్పడింది. 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో ఇక్కడ లారీల తయారీ మొదలైంది. 1993లో టాటా కమిన్స్ అనే ఉమ్మడి సంస్థ ఏర్పడి, లారీలకు డీజిల్ ఇంజన్లు ఇక్కడే తయారుచేస్తోంది. ఖర్కాయి అవతల ఆదిత్యపూర్‌లో వాహనాల విడిభాగాలు చేసే చిన్న కార్ఖానాలు ఉన్నాయి. 1950 నవంబర్ 26న ప్రారంభమైన నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీ కూడా ఈ నగరంలోదే. వేడిలో, బరువు కింద లోహాలు ఏళ్ల తరబడి ఎలా సాగుతాయో పరీక్షించే పెద్ద సదుపాయం అందులో ఉంది. వేడి తగిలిన లోహం ఏం చేస్తుందన్న ప్రశ్న ఈ ఊరికి కొత్త కాదు. మన ట్యాపెట్ గ్యాప్ కథ కూడా ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

వాల్వు చేసే పని

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ప్రతి సిలిండర్‌కు కనీసం రెండు వాల్వులు (కవాటాలు) ఉంటాయి. గాలిని, లేదా గాలి-ఇంధన మిశ్రమాన్ని లోపలికి రానిచ్చేది ఇన్‌లెట్ వాల్వు. మండిన వాయువులను బయటకు పంపేది ఎగ్జాస్ట్ వాల్వు. ఆకారంలో రెండూ పుట్టగొడుగును తలకిందులు చేసినట్టు ఉంటాయి. పొడవాటి కాడ, కింద వెడల్పాటి తల. తల అంచు సిలిండర్ హెడ్‌లోని సీటు మీద సరిగ్గా కూర్చుంటే తలుపు మూసుకున్నట్టు.

మూసి ఉంచే పని స్ప్రింగ్‌ది. తెరిచే పని కామ్ షాఫ్ట్‌ది. కామ్ షాఫ్ట్ మీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బు ఉంటుంది. అది తిరుగుతూ వచ్చి ట్యాపెట్‌ను పైకి తోస్తుంది. ట్యాపెట్ పుష్ రాడ్‌ను, పుష్ రాడ్ రాకర్ ఆర్మ్ ఒక కొసను ఎత్తుతాయి. రాకర్ పిల్లలాడే ఏతాం బల్ల లాంటిది. ఒక కొస లేస్తే రెండో కొస దిగి, వాల్వు కాడను కిందికి నొక్కుతుంది. వాల్వు తెరుచుకుంటుంది. ఉబ్బు దాటిపోగానే స్ప్రింగ్ దాన్ని తిరిగి సీటు మీదికి లాగేస్తుంది.

కామ్ షాఫ్ట్ వేగం క్రాంక్ షాఫ్ట్ వేగంలో సగం. ఇంజన్ నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతుంటే ప్రతి వాల్వు నిమిషానికి 1,200 సార్లు, అంటే సెకనుకు 20 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. గంటకు 72,000 సార్లు. ప్రతిసారీ అది సీటు మీద పూర్తిగా కూర్చోవాలి. అందుకే ఇంజన్ తయారుచేసేవారు, వాల్వు మూసి ఉన్నప్పుడు రాకర్ కొసకు, వాల్వు కాడ చివరకు మధ్య కొంచెం ఖాళీ వదులుతారు. రాకర్ వాల్వును తాకకుండా ఉంటేనే స్ప్రింగ్ బలం మొత్తం వాల్వును సీటుకు అదిమి పట్టడానికి పనికొస్తుంది. ఆ ఖాళీయే క్లియరెన్స్.

అది ఎంత చిన్నదో ఒక ఉదాహరణతో చూద్దాం. ఆరు సిలిండర్లు, పన్నెండు వాల్వులు ఉన్న 5.9 లీటర్ల కమిన్స్ బి సిరీస్ డీజిల్ ఇంజన్‌లో ఇన్‌లెట్‌కు సుమారు 0.25 మి.మీ., ఎగ్జాస్ట్‌కు సుమారు 0.51 మి.మీ. సందు ఉండాలి. మనం జిరాక్స్ తీసుకునే కాగితం మందం సుమారు 0.1 మి.మీ. అంటే ఒకచోట రెండున్నర కాగితాలు, ఇంకోచోట ఐదు కాగితాలు పట్టేంత ఖాళీ. ఇక్కడ రెండు ప్రశ్నలు వస్తాయి. అసలు ఖాళీ ఎందుకు? ఎగ్జాస్ట్‌కు రెట్టింపు ఎందుకు?

బండి చక్రం చెప్పే పాఠం

ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేయడం చూసినవారికి మొదటి ప్రశ్నకు జవాబు తెలుసు. పట్టాను చక్రం కంటే కొంచెం చిన్నదిగా చేస్తారు. పిడకల మంటలో ఎర్రగా కాల్చితే అది సాగుతుంది. అప్పుడు చక్రానికి తొడిగి నీళ్లు పోస్తారు. చల్లారిన పట్టా కుంచించుకుపోయి, చెక్కను గట్టిగా పట్టేస్తుంది. వేడికి లోహం పెరుగుతుంది, చల్లారితే తగ్గుతుంది.

మామూలు ఉక్కు మీటరు పొడవుకు, ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 12 మైక్రోమీటర్లు పెరుగుతుంది. మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. చాలా తక్కువే అనిపిస్తుంది. కానీ ఎగ్జాస్ట్ వాల్వు ఉండే చోటు మామూలు చోటు కాదు. మండిన వాయువులు దాని తలను ఒరుసుకుంటూనే బయటకు పోతాయి. తల వేడి దాదాపు 700 డిగ్రీల సెల్సియస్ దాకా చేరగలదు. పైన కాడ చివర నూనె తగిలే చోట అంత వేడి ఉండదు.

అంత వేడిని మామూలు ఉక్కు తట్టుకోలేదు. అందుకని ఎగ్జాస్ట్ వాల్వు తలకు ప్రత్యేకమైన ఉక్కు వాడతారు. బాగా వాడుకలో ఉన్న ఒక రకంలో సుమారు 21 శాతం క్రోమియం, 9 శాతం మాంగనీస్, 4 శాతం నికెల్, కొద్దిగా నైట్రోజన్ ఉంటాయి. ఈ రకం ఉక్కు ఎర్రగా కాలినా బలం కోల్పోదు, తుప్పు పట్టదు. కానీ దీనితో ఒక చిక్కు ఉంది. వేడికి ఇది మామూలు ఉక్కు కంటే ఎక్కువ పెరుగుతుంది. మీటరుకు, డిగ్రీకి సుమారు 17 మైక్రోమీటర్లు. వేడిని బాగా తట్టుకునే లోహమే వేడికి ఎక్కువ సాగుతుందన్నమాట.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది అంచనా తీరు తెలియడానికి మాత్రమే. ఎగ్జాస్ట్ వాల్వు పొడవు 120 మి.మీ. అనుకుందాం. తల నుంచి కాడ చివర దాకా సగటున 220 డిగ్రీలు వేడెక్కిందనుకుందాం.

120 × 220 × 0.000017 = సుమారు 0.45 మి.మీ.

ఇన్‌లెట్ వాల్వుకు ప్రతి చుట్టులోనూ చల్లగాలి తగులుతుంది. అందుకని అది సగటున 100 డిగ్రీలే వేడెక్కిందనుకుందాం. దాని ఉక్కు కూడా తక్కువ సాగే రకం.

120 × 100 × 0.000012 = సుమారు 0.14 మి.మీ.

వాల్వుతో పాటు సిలిండర్ హెడ్ కూడా పెరుగుతుంది. రాకర్‌ను మోసేది హెడ్డే కాబట్టి, అది పెరిగినకొద్దీ రాకర్ పైకి జరుగుతుంది. హెడ్ చుట్టూ నీళ్లు తిరుగుతుంటాయి గనుక అది వాల్వు అంత వేడెక్కదు. 60 డిగ్రీలు అనుకుంటే, అంతే పొడవుకు పోత ఇనుము పెరిగేది సుమారు 0.08 మి.మీ. అంటే ఎగ్జాస్ట్ వైపు సందు దాదాపు 0.37 మి.మీ. తగ్గిపోతుంది, ఇన్‌లెట్ వైపు 0.06 మి.మీ. మాత్రమే. చల్లని ఇంజన్‌లో ఎగ్జాస్ట్‌కు ఎక్కువ ఖాళీ వదలడం వెనుక ఉన్న లెక్క ఇదే. ఆ ఖాళీ లేకపోతే వేడెక్కిన కాడ చివర రాకర్‌ను తన్నుకుంటుంది. పైకి పోవడానికి చోటు లేక వాల్వు కిందికి దిగుతుంది. అంటే తలుపు పూర్తిగా మూసుకోదు.

సందు ఎక్కువైతే

ముందుగా అందరికీ వినిపించే లోపం. సందు అవసరానికి మించితే రాకర్ ఖాళీలో కొంత దూరం కదిలి, ఆ తర్వాత వాల్వు కాడను కొడుతుంది. సుత్తితో మెల్లగా తట్టినట్టు. టిక్ టిక్ చప్పుడు అదే.

కామ్ ఉబ్బు ఒక్కసారిగా లేవదు. మొదట చాలా నెమ్మదిగా లేచే వాలు ఉంటుంది. సందు సరిగ్గా ఉంటే రాకర్ ఆ వాలు మీద ఉండగానే వాల్వును మెల్లగా తాకుతుంది. ఆ తర్వాతే వేగం పుంజుకుంటుంది. మూసేటప్పుడూ అంతే, చివరి వాలు వాల్వును మెల్లగా సీటు మీదికి దింపుతుంది. సందు ఎక్కువైతే ఈ వాలు వృథా అవుతుంది. వేగంగా లేచే భాగంలోనే రాకర్ తగులుతుంది. మూసేటప్పుడు కామ్ చేయి వదిలేసినట్టు వాల్వు సీటు మీద దబ్బున పడుతుంది. రాకర్ కొస, కాడ చివర, సీటు మూడూ త్వరగా అరుగుతాయి.

ఇంకో నష్టం కూడా ఉంది. వాల్వు ఆలస్యంగా తెరుచుకుని, ముందే మూసుకుంటుంది. తెరుచుకునే ఎత్తు కూడా కొంత తగ్గుతుంది. గాలి తక్కువ లోపలికి వెళ్తుంది, పొగ పూర్తిగా బయటకు పోదు. ఇంజన్ లాగే శక్తి కాస్త తగ్గుతుంది. ఇవన్నీ మంచివి కావు. కానీ ఈ లోపం గోల చేస్తుంది, తనను పట్టించుకోమని రోజూ గుర్తుచేస్తుంది. కొంతకాలం ఆలస్యమైనా సరిదిద్దుకోవచ్చు.

సందు తక్కువైతే

రెండో లోపానికి చప్పుడు ఉండదు. సందు తగ్గినకొద్దీ ఇంజన్ ఇంకా నిశ్శబ్దంగా తిరుగుతుంది. చూసేవారికి బాగుపడినట్టే అనిపిస్తుంది. లోపల జరిగేది వేరు.

ఎగ్జాస్ట్ వాల్వు చల్లబడేది ఎలా? తలకు వచ్చిన వేడిలో సుమారు ముప్పావు వంతు సీటు ద్వారానే హెడ్‌లోకి, అక్కడి నుంచి నీళ్లలోకి పోతుంది. మిగతాది కాడ మీదుగా గైడ్‌లోకి వెళ్తుంది. ఒక చక్రంలో దాదాపు మూడింట రెండు వంతుల కాలం వాల్వు మూసి ఉంటుంది. అది చల్లబడే సమయం అదే. ఎండలో పని చేసినవాడు చెట్టు నీడన కూర్చుని సేదతీరినట్టు, వాల్వు ప్రతిసారీ సీటు మీద కూర్చుని తన వేడిని దించుకుంటుంది.

సందు లేకపోతే వాల్వు పూర్తిగా కూర్చోదు. వెంట్రుక మందం ఖాళీ మిగిలినా చాలు, రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. వేడి దిగే దారి తెగిపోతుంది. అదే సమయంలో సిలిండర్‌లో 2,000 డిగ్రీలు దాటిన మంట ఆ సన్నని చీలికలోంచి ఒత్తిడితో బయటకు దూసుకొస్తుంది, గ్యాస్ కట్టర్ మంట లాగా. వాల్వు అంచు మరింత వేడెక్కుతుంది. వేడెక్కితే ఇంకా పొడవు పెరుగుతుంది. పొడవు పెరిగితే చీలిక ఇంకా వెడల్పవుతుంది. చీలిక పెరిగితే మంట మరింత వస్తుంది. ఒకసారి మొదలైందంటే తనంతట తాను ఆగే దారి లేదు. చివరికి అంచులో ఒక గాడి పడుతుంది. దాన్నే మెకానిక్‌లు 'వాల్వు కాలింది' అంటారు.

డీజిల్ ఇంజన్‌కు ఇది ఇంకా పెద్ద దెబ్బ. అందులో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడితోనే ఇంధనం అంటుకుంటుంది. వాల్వు కారుతుంటే అదిమిన గాలి జారిపోతుంది, వేడి చాలదు. అందుకే చల్లని పొద్దున స్టార్ట్ కాదు, స్టార్ట్ అయినా తెల్లని పొగ వదులుతూ కొట్టుకుంటుంది. పైగా సగం మండిన ఇంధనం పొగగా మారి మన ఊపిరితిత్తుల్లోకే వస్తుంది. బండి మీద బతికేవాడికి హెడ్ విప్పించడమంటే ఖర్చు ఒకటే కాదు, బండి కదలని ప్రతి రోజూ కూలి పోయినట్టే.

సందు తనంతట తాను ఎటు మారుతుంది?

ఒకసారి సరిగ్గా పెట్టిన సందు అలాగే ఉండిపోదు. దాన్ని రెండు అరుగుదలలు రెండు వైపులా లాగుతుంటాయి. కామ్, ట్యాపెట్, పుష్ రాడ్ కొసలు, రాకర్ అరిగితే సందు పెరుగుతుంది, చప్పుడు వస్తుంది. వాల్వు అంచు, సీటు అరిగితే వాల్వు హెడ్‌లోకి మరికాస్త పైకి కూరుకుపోతుంది. కాడ చివర రాకర్‌కు దగ్గరవుతుంది, సందు తగ్గుతుంది. చప్పుడు రాదు. "అరిగితే వదులవుతుంది" అన్నది మన అందరి అనుభవం. ఇక్కడ మాత్రం ఒక అరుగుదల బిగుతును తెస్తుంది. ఈ లోపం చాలామంది కంట పడకపోవడానికి కారణం అదే.

ఇంధనం మారితే సీటు అరిగే వేగం కూడా మారుతుంది. ఒకప్పుడు పెట్రోల్‌లో సీసం కలిపేవారు. మండాక మిగిలిన సీసం సమ్మేళనాలు సీటు మీద సన్నని పొరగా పేరుకుని, లోహం లోహాన్ని నేరుగా ఒరుసుకోకుండా అడ్డుపడేవి. సీసం మనిషికి, ముఖ్యంగా పిల్లల మెదడుకు విషం. 2000 ఫిబ్రవరి నుంచి మన దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మాలని నిర్ణయించారు. ప్రపంచంలో చివరిగా 2021లో అల్జీరియా వాహనాల సీసం పెట్రోల్‌ను ఆపింది. దాంతో ఇంజన్ తయారీదారులు గట్టి లోహపు సీట్లు అమర్చడం తప్పనిసరైంది. పాత పోత ఇనుప హెడ్‌లు ఉన్న బండ్లలో మాత్రం సీట్లు త్వరగా అరిగే అవకాశం మిగిలింది.

ఇప్పుడు అదే ప్రశ్న సి.ఎన్.జి., ఎల్.పి.జి. బండ్లతో మళ్లీ ముందుకొచ్చింది. పెట్రోల్, డీజిల్ తుంపరలుగా వస్తాయి. గ్యాస్ పొడిగా వస్తుంది. సీటు మీద మెత్తటి పొర ఏర్పడదు. అందుకే గ్యాస్ కోసం తయారుచేసిన ఇంజన్లలో వాల్వుకూ సీటుకూ ప్రత్యేకమైన లోహాలు వాడతారు. పెట్రోల్ ఇంజన్‌కు తర్వాత గ్యాస్ కిట్ బిగించిన బండ్లలో ఆ రక్షణ ఉండకపోవచ్చు. ఆటోలు, ట్యాక్సీలు, చిన్న వ్యాన్లు గ్యాస్‌కు మారుతున్న ఈ రోజుల్లో 'చప్పుడు రావడం లేదు కదా' అని సందు చూపించకుండా ఉండటం అన్నిటికంటే ఖరీదైన పొరపాటు.

కొలిచే పద్ధతి

సందును కొలిచే సాధనం ఫీలర్ గేజ్. చాకులా మడిచి విప్పే సన్నని ఉక్కు రేకుల కట్ట. ప్రతి రేకు మీద దాని మందం చెక్కి ఉంటుంది. కావలసిన రేకును రాకర్‌కు, కాడకు మధ్య జొనిపి లాగితే కొంచెం పట్టు తగలాలి. మూసిన పుస్తకంలోంచి ఒక కాగితాన్ని బయటకు లాగుతున్నంత పట్టు చాలు. వదులుగా జారితే సందు ఎక్కువ, బలవంతం చేయాల్సి వస్తే తక్కువ.

మూడు విషయాల్లో జాగ్రత్త అవసరం. మొదటిది, ఇంజన్ చల్లగా ఉండాలి. వేడి ఇంజన్‌లో ఒక్కో భాగం ఒక్కో వేడిలో ఉంటుంది, నిమిష నిమిషానికీ మారుతుంది. చల్లని ఇంజన్ అయితే ఎప్పుడు కొలిచినా ఒకే లెక్క వస్తుంది. ఇందాక చెప్పుకున్న బి సిరీస్ ఇంజన్‌కు నీటి వేడి 60 డిగ్రీల కంటే తక్కువ ఉన్నప్పుడే సందు చూడాలని నియమం. కొన్ని పాత ఇంజన్లకు వేడి మీద చూడమని ఉంటుంది. ఏ బండికి ఆ బండి మాన్యువలే ప్రమాణం.

రెండోది, స్క్రూను సరిచేశాక లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా కాస్త తిరగవచ్చు. స్క్రూ ఒక చుట్టుకు 1 మి.మీ. కదిలే రకమైతే పావు చుట్టుకే 0.25 మి.మీ. మారిపోతుంది. అందుకే నట్ బిగించాక మళ్లీ రేకు పెట్టి చూడాలి. మూడోది, బాగా అరిగిన రాకర్ కొసలో గుంట పడుతుంది. చదునైన రేకు ఆ గుంట మీద వంతెనలా నిలుస్తుంది, లోతు దానికి తెలియదు. కొలత సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది, చప్పుడు మాత్రం పోదు. అప్పుడు స్క్రూ ఇంకా బిగించడం కాదు, రాకర్ మార్చడమే పరిష్కారం.

ఇక ఏ వాల్వును ఎప్పుడు కొలవాలి? వాల్వు పూర్తిగా మూసి, కామ్ గుండ్రని భాగం మీద ట్యాపెట్ ఉన్నప్పుడే. ఆరు సిలిండర్ల ఇంజన్‌లో పన్నెండు వాల్వులకూ క్రాంక్‌ను పన్నెండు సార్లు తిప్పనక్కర్లేదు. 1-5-3-6-2-4 వరుసలో మండే బి సిరీస్‌లో, ఒకటో సిలిండర్ పిస్టన్ గాలిని అదిమి పైకి చేరిన క్షణంలో 1, 2, 4 ఇన్‌లెట్లు, 1, 3, 5 ఎగ్జాస్ట్‌లు మూసి ఉంటాయి. ఈ ఆరింటినీ చూసి, క్రాంక్‌ను సరిగ్గా ఒక చుట్టు తిప్పితే మిగతా ఆరు వాల్వులు కొలతకు వస్తాయి. 3, 5, 6 ఇన్‌లెట్లు, 2, 4, 6 ఎగ్జాస్ట్‌లు. ఒక పూర్తి చక్రానికి క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది గనుక ఇది సాధ్యం. మొదటి చుట్టుకూ రెండో చుట్టుకూ తేడా పోల్చుకోలేక, తెరిచి ఉన్న వాల్వుకు సందు పెడితే పని మొత్తం తప్పు.

సందు అక్కర్లేని ఇంజన్లు

అయితే అన్ని ఇంజన్లకూ ఈ సందు కావాలా? పాత బుల్లెట్ చూడండి. దాని నియమం విచిత్రంగా ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పుష్ రాడ్ వేళ్లతో సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఊగకూడదు. అంటే సందు దాదాపు సున్నా. గాలితో చల్లబడే ఆ ఇంజన్‌లో సిలిండర్, హెడ్ రెండూ బాగా వేడెక్కి పొడవు పెరుగుతాయి, రాకర్‌ను పైకి మోసుకుపోతాయి. అందువల్ల నీటితో చల్లబడే లారీ ఇంజన్‌లో లాగా ముందే ఎక్కువ ఖాళీ వదలాల్సిన పని ఉండదు. లోహాలు, వాటి అమరిక, చల్లబరిచే తీరు మారితే సందు లెక్క కూడా మారుతుంది. ఒక బండి అంకెను ఇంకో బండికి వాడకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఇంకో దారి హైడ్రాలిక్ ట్యాపెట్. ఇందులో చిన్న పిస్టన్, దాని కింద ఇంజన్ నూనె, నూనె వెనక్కి పోకుండా ఒక బంతి వాల్వు ఉంటాయి. ఖాళీ ఏర్పడితే నూనె వచ్చి నింపుతుంది. వాల్వు పొడవు పెరిగితే కొంచెం నూనె జారిపోయి చోటు ఇస్తుంది. సందు ఎప్పుడూ సున్నాయే అయినా వాల్వు మాత్రం పూర్తిగా కూర్చుంటుంది. 1930లో వచ్చిన పదహారు సిలిండర్ల కాడిలాక్ కారులోనే ఈ ఏర్పాటు ఉంది. మన దేశంలో 2009లో వచ్చిన బుల్లెట్ క్లాసిక్ ఇంజన్‌లోనూ ఉంది. ఇలాంటి ఇంజన్లకు ట్యాపెట్ సెట్టింగ్ అవసరం లేదు. కానీ అవి పూర్తిగా నూనె మీదే ఆధారపడతాయి. నూనె పాతబడినా, తగ్గినా చప్పుడు మొదలవుతుంది.

బండి ఉన్నవారు గుర్తుంచుకోవాల్సినవి

మీ బండికి ట్యాపెట్ సెట్టింగ్ ఉందో, హైడ్రాలిక్ రకమో మాన్యువల్‌లో చూసుకోండి. ఎన్ని కిలోమీటర్లకు, లేదా ఎన్ని గంటలకు తనిఖీ చేయాలో అందులోనే ఉంటుంది. చప్పుడు వచ్చినా రాకపోయినా ఆ సమయానికి కొలిపించండి. గ్యాస్ బండి అయితే అసలు వాయిదా వేయకండి.

చప్పుడు వస్తే దాని కారణం సందేనని ముందే తీర్మానించకండి. నూనె తగ్గినా, రాకర్ అరిగినా, ఇంజెక్టర్ సరిగ్గా లేకపోయినా కొట్టుడు చప్పుళ్లు వస్తాయి. మెకానిక్‌ను "సౌండ్ తీసెయ్" అని అడగకండి. "గ్యాప్ ఎంత ఉంది, ఎంత ఉండాలి?" అని అడగండి. చెవితో కాకుండా ఫీలర్ గేజ్‌తో, చల్లని ఇంజన్ మీద సెట్ చేయమనండి. పాత కొలతలు, కొత్త కొలతలు ఒక కాగితం మీద రాయించుకోండి. ఏదైనా ఒక ఎగ్జాస్ట్ వాల్వు సందు ప్రతిసారీ తగ్గుతూ వస్తుంటే, సీటు అరుగుతోందని ఆ కాగితమే ముందుగా చెబుతుంది. వాల్వు కాలకముందే ఆ సంగతి తెలుసుకునే చౌకైన దారి అదొక్కటే.

సాక్చి గోల్‌చక్కర్ దగ్గర సన్నగా టిక్ టిక్ అంటూ పోయే లారీ విషయానికి వస్తే, దాని సందు కాస్త పెరిగి ఉండవచ్చు. తీరిక చూసుకుని సరిచేయించుకుంటే సరిపోతుంది. కానీ నిన్నటిదాకా టిక్ టిక్ అని, ఎవరూ ముట్టుకోకుండానే ఇవాళ మౌనంగా తిరుగుతున్న బండి మీదైతే, ఆ వాల్వు కవర్ ఇవాళే తీయించండి.